సంతకం చేసినవాడిదే బాధ్యత
(అడ్మిరల్ హైమన్ రికోవర్ జీవిత విశేషాలు)

విద్యుత్ రంగానికి సేవ చేసిన పెద్దలలో ఒకరి జీవితాన్ని గురించి ఈ ప్రత్యేక సంచికకు వ్రాయవలసిందిగా మన సంపాదకవర్గం వారు కోరారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి గురించీ, కె.ఎల్. రావు గారి గురించీ మన సభ్యులు ఎన్నోసార్లు చదివి ఉన్నారు. అందుచేత ఈసారి ప్రపంచమంతా ఎరిగినా మన పత్రికలో ఇంతవరకు చోటు దొరకని ఒక విదేశీయుని ఎంచుకున్నాను. ఆయన అమెరికా నావికాదళానికి చెందిన అడ్మిరల్ హైమన్ జార్జ్ రికోవర్.

నేను కొత్తగూడెం థర్మల్ స్టేషన్‌లో 60 మెగావాట్ల యూనిట్ల మీద షిఫ్ట్ ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి. ఆ రోజుల్లో పాత ఇంజనీరింగ్ పత్రికలు తిరగేస్తూ షిప్పింగ్‌పోర్ట్ అనే అణు విద్యుత్ కేంద్రాన్ని గురించి చదివాను. అమెరికాలో పూర్తిగా ప్రజల విద్యుత్ అవసరాల కోసమే కట్టిన మొదటి పెద్ద అణు కేంద్రం అది. దాని సామర్థ్యం కూడా మా యూనిట్ లాగే 60 మెగావాట్లు. దాన్ని కట్టించినవాడు ఒక నావికాధికారి అని తెలిసి నాకు ఆశ్చర్యం కలిగింది. అప్పటినుండి ఆయన గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను.

బాల్యం, విద్య

రికోవర్ అప్పట్లో రష్యా ఏలుబడిలో ఉన్న పోలండులో మాకూఫ్ అనే చిన్న ఊళ్ళో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. నావికాదళం రికార్డుల ప్రకారం ఆయన పుట్టిన తేదీ 1900 జనవరి 27. తండ్రి బట్టలు కుట్టే దర్జీ. అక్కడ యూదులపై దాడులు పెచ్చుమీరడంతో ఆ కుటుంబం అమెరికాకు వలస వెళ్ళింది. మొదట న్యూయార్కులో, తరువాత షికాగోలో స్థిరపడ్డారు. తొమ్మిదేళ్ళ వయసులో పొరుగాయన యంత్రం మీద పనిచేస్తుంటే పక్కన నిలబడి దీపం పట్టుకోవడం ఆయన చేసిన మొదటి ఉద్యోగం. జీతం గంటకు 3 సెంట్లు. తరువాతి కాలంలో ఒక ఊరికి అణు విద్యుత్ దీపం వెలిగించిన మనిషి దీపం పట్టుకొనే ఉద్యోగంతోనే బ్రతుకు మొదలుపెట్టడం నాకు విశేషంగా తోస్తుంది.

హైస్కూలులో చదువుకుంటూనే టెలిగ్రాములు అందించే కుర్రవాడుగా పనిచేశారు. ఆ పనిలోనే ఎడాల్ఫ్ సాబత్ అనే పార్లమెంటు సభ్యునితో పరిచయం కలిగింది. ఆయన సిఫార్సుతో 1918లో అనాపొలిస్ నావికా విద్యాలయంలో చేరి 1922లో పట్టభద్రులయ్యారు. 540 మందిలో ఆయనది 107వ స్థానం. గొప్ప ర్యాంకూ కాదు, తీసివేయదగినదీ కాదు. ఆటపాటలలో పాల్గొనక ఎప్పుడూ పుస్తకంతో ఉండేవారట.

కొంతకాలం యుద్ధనౌకలలో పనిచేశాక కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో ఎం.ఎస్. చేశారు. అంతర్జాతీయ న్యాయశాస్త్రం చదువుతున్న రూత్ మాస్టర్స్‌తో పరిచయం అక్కడే. 1931లో వివాహమాడారు. 1929 నుండి 1933 వరకు జలాంతర్గాములలో పనిచేశారు. ఆనాటి జలాంతర్గాములు నీటి పైన డీజిల్‌తోనూ, నీటి క్రింద బ్యాటరీలతోనూ నడిచేవి. బ్యాటరీలు అయిపోతే పైకి రావలసిందే. ఆ ఇబ్బంది స్వయంగా అనుభవించినవాడు గనుకనే తరువాత దానికి విరుగుడు వెతికారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో నౌకా నిర్మాణ విభాగంలో ఎలక్ట్రికల్ సెక్షనుకు అధిపతి అయ్యారు. కాగితాల మీద సంతకాలు పెట్టి ఊరుకునే ఆఫీసు కాదది. దెబ్బతిన్న ఓడలను స్వయంగా చూసి, పేలుళ్ళ అదురుకు ఏ పరికరం ఎందుకు విఫలమైందో విచారించి, తయారీదారులచేత మార్పించేవారు.

ఒకే మనిషికి రెండు కుర్చీలు

1946లో నావికాదళం కొందరు అధికారులను అణుశక్తి సంగతులు నేర్చుకునేందుకు టెనెస్సీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్‌కు పంపింది. వారిలో రికోవర్ ఒకరు. అణుశక్తితో నడిచే జలాంతర్గామి సాధ్యమని ఆయనకు గట్టి నమ్మకం కలిగింది. పైవారిలో చాలామందికి ఆ నమ్మకం లేదు. వాషింగ్టన్‌కు తిరిగి వచ్చాక ఆయనకు ఇచ్చిన గది అంతకుముందు ఆడవారి బాత్‌రూముగా ఉన్నది. ఆయన దాని గురించి పట్టించుకోలేదు. పని అక్కడే మొదలుపెట్టారు.

1949 నాటికి ఆయన అటు నావికాదళంలోనూ, ఇటు అణుశక్తి కమిషన్‌లోనూ ఒకేసారి అధికారి అయ్యారు. నావికాదళం తరఫున కమిషన్‌కు ఒక ఉత్తరం వ్రాసి, కమిషన్ తరఫున దానికి తానే ఆమోదం తెలిపేవారని చెప్పుకుంటారు. మనం ఎస్టిమేట్ శాంక్షన్ కోసం ఒక టేబులు నుండి ఇంకో టేబులుకు తిరిగిన రోజులు గుర్తుకు వస్తే ఈ ఏర్పాటు విలువ మనకు బాగా తెలుస్తుంది. అయితే ఇందులో ఇంకొక అర్థం కూడా ఉన్నది. రెండు సంతకాలూ తనవే గనుక ఏదైనా పొరపాటు జరిగితే అవతలి శాఖ మీద నెట్టే వీలు ఆయనకు లేదు.

రియాక్టరులోని వేడిని బయటకు తెచ్చేందుకు ద్రవ సోడియం వాడాలా, అధిక పీడనంలో ఉంచిన నీరు వాడాలా అనే ప్రశ్న వచ్చింది. ఆయన రెండింటినీ పరీక్షించారు. సోడియం రియాక్టరు అమర్చిన సీ ఉల్ఫ్ అనే జలాంతర్గామిలో లీకులు రావడంతో చివరకు దాన్ని తీసివేసి నీటి రియాక్టరునే పెట్టించారు. ఇంధనానికి తొడుగుగా జిర్కోనియం లోహాన్ని ఎంచుకున్నారు. అప్పట్లో అది చాలా అరుదుగా, కొద్ది మోతాదులో మాత్రమే దొరికేది. దాన్ని పెద్దయెత్తున తయారుచేయించింది ఆయనే. మన హైదరాబాదులో 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యే ఇంధన గొట్టాలు కూడా జిర్కోనియం మిశ్రమ లోహంతో చేసినవే. మన సభ్యుల పిల్లలు కొందరు అక్కడ పనిచేశారు కూడా.

ఒక పైపు కథ

మొదటి అణు జలాంతర్గామి పేరు నాటిలస్. 1952 జూన్ 14న ప్రెసిడెంట్ ట్రూమన్ దానికి శంకుస్థాపన వంటి కార్యక్రమం జరిపారు. 1954 జనవరి 21న జలప్రవేశం చేసింది. ఆ ఏడు సెప్టెంబరులో రేవు దగ్గర కట్టి ఉంచి పరీక్షిస్తుండగా ఒక చిన్న స్టీమ్ పైపు పగిలింది. అదృష్టవశాత్తూ పెద్ద ప్రమాదం జరగలేదు. విచారిస్తే అక్కడ ఉండవలసినది అతుకులేని పైపు. పెట్టినది మామూలు చేతిపట్టీలకు వాడే వెల్డింగు పైపు.

ఆ ఒక్క పైపు మార్చి పరీక్ష కొనసాగించవచ్చు గదా అని ఎవరికైనా తోస్తుంది. అటువంటి పైపు ఇంకా ఎక్కడెక్కడ ఉన్నదో నిశ్చయంగా చెప్పగలవారు లేరు. అందుచేత అనుమానం ఉన్న ఆ సైజు స్టీమ్ పైపులన్నీ ఊడదీసి కొత్తవి వేయమని రికోవర్ ఆజ్ఞాపించారు. దేశమంతా ఎదురుచూస్తున్న ఓడ ఆలస్యమైంది. ఆయన లెక్కచేయలేదు.

స్టీమ్ లైను ప్రక్కన ముప్ఫై ఏళ్ళు బ్రతికిన మనకు ఈ కథ వేరే వివరించనక్కరలేదు. అధిక పీడనంలో ఉన్న ఆవిరి కంటికి కనబడదు. లీకు ఎక్కడున్నదో తెలుసుకునేందుకు మావాళ్ళు కర్రకు చీపురు కట్టి ముందు పెట్టుకొని నడిచేవారు. తెగిన చోటు తెలిసేది ఆ చీపురు పుల్లలు ఎగిరినప్పుడే. పైపు మీద ముద్ర సరిగా లేకపోతే స్టోర్సుకు తిప్పిపంపే మనిషిని ఆ రోజుల్లో అందరూ తిట్టుకునేవారు. అటువంటి మనుషుల వల్లనే మనలో చాలామంది క్షేమంగా పెన్షను తీసుకుంటున్నాం.

1955 జనవరి 17న నాటిలస్ అణుశక్తితో బయలుదేరింది. ఆ ఏడే న్యూ లండన్ నుండి ప్యూర్టో రికోలోని శాన్ వాన్ వరకు 1,300 మైళ్ళకు పైగా దూరాన్ని 90 గంటల లోపల నీటి క్రిందనే ప్రయాణం చేసింది. 1958 ఆగస్టు 3న ఉత్తర ధ్రువం వద్ద మంచు క్రిందుగా దాటింది.

ఈ విజయాల నడుమ ఆయనకు అవమానాలు తప్పలేదు. 1951లోనూ, 1952లోనూ ప్రమోషన్ బోర్డు ఆయనను ప్రక్కన పెట్టింది. నిబంధనల ప్రకారం ఇంటికి వెళ్ళవలసినవాడే. పార్లమెంటు సభ్యులూ, పత్రికలూ గట్టిగా అడగడంతో 1953లో రియర్ అడ్మిరల్ అయ్యారు. 1973లో పూర్తి అడ్మిరల్ హోదా లభించింది.

షిప్పింగ్‌పోర్ట్

యుద్ధనౌక కోసం తలపెట్టిన ఒక పెద్ద రియాక్టరు పథకాన్ని 1953లో ప్రభుత్వం రద్దుచేసింది. దాన్ని పౌర విద్యుత్ కేంద్రంగా మార్చి, నిర్మాణ బాధ్యతను రికోవర్‌కే అప్పగించారు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒహాయో నది ఒడ్డున షిప్పింగ్‌పోర్ట్ వద్ద 1954 సెప్టెంబరు 6న పని మొదలైంది. ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ డెన్వర్ నగరంలో ఉండి ఒక మంత్రదండం వంటిది ఆడించగా ఇక్కడ మనిషి లేని బుల్డోజరు కదిలింది. 1957 డిసెంబరు 2న రియాక్టరు పనిచేయడం మొదలుపెట్టింది. డిసెంబరు 18న గ్రిడ్డుకు విద్యుత్ అందింది. తవ్వకం మొదలైన మూడేళ్ళ మూడు నెలలకు కొత్త రకం విద్యుత్ కేంద్రం నడవడం ఎంత కష్టమో ప్రాజెక్టులలో పనిచేసినవారికి తెలుసు.

నావికాదళం పని రహస్యంగా ఉండేది. షిప్పింగ్‌పోర్ట్ వివరాలను మాత్రం బహిరంగంగా ప్రచురించి నలుగురికీ అందుబాటులో ఉంచారు. అందులో యురేనియం డయాక్సైడు బిళ్ళలను జిర్కోనియం గొట్టాలలో పెట్టిన పద్ధతి తరువాత లోకమంతటా వ్యాపించింది. నేడు ప్రపంచంలో నడుస్తున్న అణు విద్యుత్ రియాక్టర్లలో అత్యధికం పీడన జల రకానివే. మన కూడంకుళంలోనివీ ఆ కోవకు చెందినవే. 2009 జూలై 26న మన విశాఖపట్నంలో జలప్రవేశం చేసిన ఐ.ఎన్.ఎస్. అరిహంత్‌లోని రియాక్టరు కూడా పీడన జల రకమే.

అయితే షిప్పింగ్‌పోర్ట్ విద్యుత్తు చౌక కాదు. బొగ్గు విద్యుత్తు కంటే ఎన్నో రెట్లు ఖరీదు పడింది. రికోవర్ ఆ సంగతి దాచలేదు. నేర్చుకోవడానికి కట్టినది గనుక ముందు సురక్షితంగా, నమ్మకంగా నడవాలన్నదే ఆయన పట్టుదల. 1977లో ఆ కేంద్రంలోనే థోరియంతో ఒక కొత్త ఇంధన అమరికను పరీక్షించారు. 1982 అక్టోబరు 1న మూసివేసిన తరువాత లెక్కచూస్తే, వాడిన దానికంటే కొంచెం ఎక్కువ ఇంధనమే అందులో తయారై ఉన్నది. ఆంధ్ర తీరంలోని ఇసుకలో థోరియం ఉన్న మోనజైట్ ఖనిజం సమృద్ధిగా ఉన్నందున ఈ ప్రయోగం మనకు ఆసక్తికరమైనది.

మనుమల వాటా

ఆయన చేసిన పనులన్నింటిలో నా మనసుకు బాగా పట్టినది ఒక ఉపన్యాసం. 1957 మే 14న మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరంలో వైద్యుల సభలో మాట్లాడారు. అప్పటికి అమెరికాలో పెట్రోలు చవక. కొరత అన్న మాటే ఎవరి నోటా లేదు. అటువంటి రోజులలో ఆయన శక్తి వనరుల గురించి హెచ్చరించారు. బొగ్గు, చమురు, సహజవాయువు మనం సంపాదించినవి కావనీ, కోట్ల సంవత్సరాలలో భూమి దాచిపెట్టిన నిల్వ అనీ, ఒకసారి కాల్చితే తిరిగి రాదనీ వివరించారు. తండ్రి తన బిడ్డల కోసం మూలధనాన్ని జాగ్రత్త చేసినట్లు ఒక తరం తన తరువాతి తరాల కోసం వీటిని పొదుపుగా వాడాలని బోధించారు. అందుబాటు ధరలో దొరికే నిల్వలు 2000కూ 2050కీ మధ్య తరిగిపోవచ్చునని అంచనా వేశారు.

ఆ అంచనా పూర్తిగా నిజమైందని నేను చెప్పను. ఆ తరువాత కొత్త చమురు క్షేత్రాలు, కొత్త పద్ధతులు వచ్చాయి. అయినా ఆయన అడిగిన ప్రశ్న మాత్రం పాతబడలేదు. సింగరేణి గనుల నుండి వచ్చిన వ్యాగన్లకు వ్యాగన్ల బొగ్గును మనం కాల్చాం. ఆ విద్యుత్తుతో బోర్లు నడిచాయి, పల్లెలు వెలిగాయి, పిల్లలు చదువుకున్నారు. అందుకు మనం గర్వపడవచ్చు. ఆ బొగ్గులో మన మనుమల వాటా కూడా ఉన్నదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పైగా ఆ పొగ వల్ల వాతావరణం వేడెక్కుతున్నదని ఇప్పుడు అందరికీ తెలుసు.

ఆయన శిష్యులలో ఒకరు జిమ్మీ కార్టర్. నావికాదళంలో యువ అధికారిగా ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు విద్యాలయంలో ఎప్పుడూ శక్తివంచన లేకుండా కృషి చేశావా అని రికోవర్ అడిగారట. ప్రతిసారీ చేయలేదని ఒప్పుకుంటే, ఎందుకు చేయలేదని అడిగి ముఖం త్రిప్పుకున్నారట. ఆ ప్రశ్ననే కార్టర్ తరువాత తన పుస్తకానికి పేరుగా పెట్టుకున్నారు. ప్రెసిడెంట్ అయిన ఏడాదే, 1977లో, అమెరికాలో ఇంధన శాఖను నెలకొల్పారు. 1979లో త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ప్రమాదం జరిగిన తరువాత పార్లమెంటు సంఘం రికోవర్‌ను పిలిచి నావికాదళ రియాక్టర్ల భద్రతకు కారణం ఏమిటని విచారించింది. ఏదో ఒక్క చిట్కా లేదని ఆయన సాక్ష్యం సారాంశం. మంచి మనుషుల ఎంపిక, ఎడతెగని శిక్షణ, చెడ్డ వార్తను దాచకుండా పైకి చెప్పడం, బాధ్యుడెవరో స్పష్టంగా ఉండడం, ఇవన్నీ కలిసి నడవాలని వివరించారు. కొత్త అణు జలాంతర్గాములు మొదటిసారి సముద్రంలోకి వెళ్ళేటప్పుడు దాదాపు అన్నింటిలోనూ ఆయన స్వయంగా ఎక్కేవారు. మునిగితే తానూ మునగాలి. బాధ్యత అంటే ఆయన దృష్టిలో అది.

ఆయన బొగ్గు గురించి కూడా ఒక పరిశోధన చేశారు. 1898లో హవానా రేవులో మెయిన్ అనే యుద్ధనౌక పేలి 260 మందికి పైగా చనిపోయారు. శత్రువులే పేల్చారని నమ్మిన జనం ఉద్రేకం స్పెయిన్‌తో యుద్ధానికి దారితీసింది. రికోవర్ నిపుణులచేత పాత కాగితాలు పరిశీలింపజేసి 1976లో పుస్తకం ప్రచురించారు. బొగ్గు బంకరులో తనంతట తాను పుట్టిన నిప్పు ప్రక్కనున్న మందుగుండుకు అంటుకొని ఉంటుందని అందులో తేల్చారు. కోల్ యార్డులో వేసవిలో పొగలు చూసినవారికి ఇది వింతగా ఉండదు.

గుణదోషాలు

ఆయన సాధువు కాదు. మాట కరుకు. క్రింది ఉద్యోగులను నిర్దాక్షిణ్యంగా చీవాట్లు పెట్టేవారు. ఇంటర్వ్యూకు వచ్చినవారిని ముందు కాళ్ళు కోసిన కుర్చీలో కూర్చోబెట్టి జారిపోతుంటే ఎలా నిభాయించుకుంటారో చూసేవారు. ఇందువల్ల మనసు విరిగి వెళ్ళిపోయినవారూ ఉన్నారు.

అంతకంటే పెద్ద మచ్చ మరొకటి. జలాంతర్గాములు కట్టే జనరల్ డైనమిక్స్ సంస్థ నుండి 16 ఏళ్ళలో 67,628 డాలర్ల విలువైన కానుకలు అందుకున్నారని తేలి, 1985లో నావికాదళ మంత్రి ఆయనను అధికారికంగా మందలించారు. ఆ కానుకల వల్ల తన నిర్ణయాలేవీ మారలేదని ఆయన వాదన. ఆ సంస్థతో ఆయన ఎన్నో ఏళ్ళు బిల్లుల మీద పోట్లాడిన మాట కూడా నిజమే. అయినా కాంట్రాక్టరు ఇంటి నుండి వచ్చిన దీపావళి స్వీటు ప్యాకెట్టును కూడా తిప్పిపంపిన పెద్దలు మన సంస్థలో ఉండేవారు. వారి ముందు ఈ విషయంలో ఆయన చిన్నవారే. ఇంతటి మనిషికీ ఈ బలహీనత ఉన్నదని దాచకుండా చెప్పడమే ఆయనకు మనం చేసే న్యాయం.

విరమణ, అంత్యకాలం

అందరూ విరమించే వయసు దాటినా ప్రభుత్వాలు ఆయన సర్వీసును పొడిగిస్తూ వచ్చాయి. చివరకు 1982 జనవరి ఆఖరున, 82వ ఏట, 63 ఏళ్ళ సర్వీసు తరువాత ఆయన ఇష్టానికి విరుద్ధంగానే పంపివేశారు. మనకు 58 నిండగానే దండలు వేసి పంపినప్పుడు కలిగిన బాధ చాలామందికి గుర్తే. 82లో కూడా ఆ బాధ తగ్గదని ఆయన్ను చూస్తే తెలుస్తుంది.

ఆ వారంలోనే పార్లమెంటు సంఘం ముందు చివరిసారి మాట్లాడారు. తన జీవితమంతా ధారపోసిన అణుశక్తినే ఆయన ప్రశ్నించారు. రేడియేషన్ పుట్టించే పనికి అంత విలువ ఉన్నదా అని సందేహించారు. యుద్ధనౌకలు తప్పనిసరి చెడు అనీ, వీలైతే అన్నింటినీ ముంచివేస్తాననీ భావం వచ్చేలా చెప్పి విన్నవారిని నివ్వెరపరిచారు. కొందరు ఇది ముసలితనపు నిరాశ అన్నారు. నాకు అలా తోచదు. తన సంతకం ఉన్న పని ఫలితాన్ని చివరి రోజున కూడా తానే పరీక్షించుకున్నాడని నేను భావిస్తాను.

మొదటి భార్య రూత్ 1972లో మరణించారు. 1974లో ఎలియనోర్ అనే నావికాదళ నర్సును వివాహమాడారు. విరమణ తరువాత తెలివైన విద్యార్థులకు శాస్త్ర విద్యలో తోడ్పడేందుకు 1983లో ఒక సంస్థను స్థాపించారు. 1984లో ఆయన పేరు పెట్టిన జలాంతర్గామి నౌకాదళంలో చేరింది. 1986 జూలై 8న ఆర్లింగ్టన్‌లో కన్నుమూశారు. అక్కడి జాతీయ శ్మశానవాటికలోనే ఆయన సమాధి ఉన్నది. 2023లో ఆయన పేరుతోనే రెండవ జలాంతర్గామి చేరింది.

మిత్రులారా, మనం అడ్మిరల్స్‌మి కాము. కాని లాగ్‌బుక్కులో, పర్మిట్ కాగితం మీద మనమూ సంతకాలు చేశాం. ఆ సంతకాన్ని నమ్మి ఒక లైన్‌మన్ స్తంభం ఎక్కాడు, ఒక ఫిట్టరు బాయిలర్ లోపలికి దిగాడు. ఆ బాధ్యత విరమణతో పూర్తికాలేదు. మన ఇళ్ళలో నేడు ఇంజనీరింగు చదువుతున్న మనుమలూ మనుమరాళ్ళూ సౌర విద్యుత్తో, అణు విద్యుత్తో, మరొకటో చేపడతారు. ఏది చేపట్టినా అనుమానమున్న పైపును ఊడదీయించే ధైర్యం, చెడ్డ వార్తను దాచకుండా చెప్పే అలవాటు వారికి కావాలి. అవి పుస్తకాలలో దొరకవు. పని చేసి వచ్చిన పెద్దలు ఇంట్లో కూర్చోబెట్టుకొని చెప్పాలి. అందుకు మనకు ఇప్పుడు కావలసినంత తీరిక ఉన్నది.



— ఒక విశ్రాంత షిఫ్ట్ ఇంజనీరు